మూడుసార్లు తెగిన థర్మల్ ఫ్యూజ్: ఒక ఫ్యాన్ హీటర్ కేస్ స్టడీ

నేపథ్యం

ఈ కేసులోని పరికరం గదిని వేడి చేసే ఒక సాధారణ ఫ్యాన్ హీటర్. 230 వోల్టుల మీద 2000 వాట్లు తీసుకుంటుంది. సగం వేడి చాలనుకుంటే 1000 వాట్లకు తిప్పుకునే వీలుంది. లోపల మైకా పలకల మీద చుట్టిన నైక్రోమ్ కాయిల్, దాని వెనుక షేడెడ్ పోల్ మోటారుతో తిరిగే ఫ్యాన్, గాలి పీల్చే వైపూ వదిలే వైపూ జాలీలు ఉంటాయి. దీన్ని వాడేది వయసు పైబడిన ఒకావిడ. రాత్రిపూట ఆమె పడకగదిలో గంటల తరబడి నడుస్తుంది, ఆ సమయంలో దాన్ని కనిపెట్టుకుని ఉండేవారెవరూ మేలుకుని ఉండరు. ఈ ఒక్క విషయం నా ప్రతి నిర్ణయం మీదా ప్రభావం చూపింది కాబట్టి ముందుగానే చెబుతున్నాను. తయారీ సంస్థ, మోడల్, ఇంటివారి వివరాలు ఈ కేసుకు అవసరం లేనివి కనుక వదిలేశాను.

ఈ హీటర్‌లో వేడిని బట్టి పనిచేసే భాగాలు మూడు. మొదటిది పైన నాబ్‌తో తిప్పే గది థర్మోస్టాట్. గది తగినంత వేడెక్కితే ఇది ఫ్యాన్‌నూ కాయిల్‌నూ కలిపి ఆపేస్తుంది. రెండోది కాయిల్ చట్రం పక్కన బిగించిన 85 డిగ్రీల సెల్సియస్ బైమెటల్ థర్మోస్టాట్, అంటే రెండు లోహాలు కలిపిన బిళ్ళ వేడికి వంగి కరెంటును ఆపే స్విచ్. లోపల గాలి ఆడక వేడి పెరిగితే ఇది కాయిల్‌కు కరెంటు ఆపి, ఫ్యాన్‌ను మాత్రం తిరగనిస్తుంది, చల్లబడ్డాక మళ్ళీ తనంతట తానే కలుస్తుంది. మూడోది థర్మల్ ఫ్యూజ్. ఫేజ్ తీగలోనే ఉంటుంది కాబట్టి ఇది తెగితే ఫ్యాన్ కూడా ఆగిపోతుంది, తెగినది మళ్ళీ కలవదు. దాని ఒంటి మీద 142 డిగ్రీలు, 10 ఆంపియర్లు, 250 వోల్టులు అని ముద్రించి ఉంది.

మామూలు ఫ్యూజ్ కరెంటు ఎక్కువైతే కాలిపోతుంది. థర్మల్ ఫ్యూజ్ తెగడానికి కారణం దాని ఒంటికి తగిలే వేడి. ఈ రకంలో చిన్న లోహపు గొట్టం లోపల ఒక సేంద్రియ పదార్థపు గుళిక ఉంటుంది. అది గట్టిగా ఉన్నంతవరకు స్ప్రింగులను నొక్కిపట్టి కాంటాక్టును కలిపి ఉంచుతుంది, కరిగిన క్షణంలో స్ప్రింగు విచ్చుకుని కాంటాక్టు విడిపోతుంది. ముద్రించిన 142 డిగ్రీలను టీఎఫ్ అంటారు. ఈ ఫ్యూజులకు వర్తించే ఐఈసీ 60691 ప్రమాణం ప్రకారం అది పై హద్దు. అసలు తెగే ఉష్ణోగ్రత అంతకు పది డిగ్రీల దిగువ వరకూ ఉండవచ్చు. దీనికి తోడు టీహెచ్ అనే ఇంకో అంకె ఉంది. నిర్ణీత కరెంటు ప్రవహిస్తుండగా ఫ్యూజ్ తెగకుండా 168 గంటల పాటు భరించగల ఉష్ణోగ్రత అది. చాలా రకాల్లో టీఎఫ్ కంటే పదిహేను నుంచి నలభై డిగ్రీలు తక్కువగా ఉంటుంది. ఈ ఫ్యూజ్‌కు తయారీదారు పత్రంలో 114 డిగ్రీలని ఉంది. అంటే ఫ్యూజ్ ఉన్న చోట రోజూ 120 డిగ్రీలు ఉంటే, 142 ఎన్నడూ రాకపోయినా గుళిక క్రమంగా అరిగి ఒక రోజున తెగుతుంది. మరమ్మతు చేసేవారిలో చాలామందికి టీఎఫ్ తెలుసు కానీ టీహెచ్ మీద దృష్టి ఉండదు. ఈ కేసు మొదలైనప్పుడు నాకూ లేదు.

మొదటి మరమ్మతు

హీటర్ పూర్తిగా ఆగిపోయిందని తెచ్చారు. ప్లగ్ పిన్నుల మధ్య ఏమీ కలవడం లేదు. విప్పి చూస్తే థర్మల్ ఫ్యూజ్ తెగింది. కాయిల్ నిరోధం 26.6 ఓములు వచ్చింది. 2000 వాట్లకు లెక్కప్రకారం రావలసినది 26.45, కాబట్టి కాయిల్‌లో లోపం లేదు. బైమెటల్ మీద మీటర్ పెడితే బీప్ వచ్చింది, అంటే దాని కాంటాక్టులు కలిసి ఉన్నాయి. ఫ్యాన్‌ను వేలితో తిప్పితే సాఫీగా తిరిగింది. గాలి పీల్చే జాలీ మీద మాత్రం దుప్పటి నూగు, దుమ్ము కలిసి మందపాటి పొరలా పట్టి ఉంది.

ఆ పొర కనబడగానే నా ఆలోచన అక్కడే ఆగిపోయింది. గాలి ఆడలేదు, వేడి పెరిగింది, ఫ్యూజ్ తెగింది అన్న వరుస సహజంగా అమరింది. జాలీ శుభ్రం చేసి, అదే టీఎఫ్, అదే ఆంపియర్లున్న కొత్త ఫ్యూజ్ తెచ్చాను. తీగలను నొక్కి కలిపే క్రింప్ స్లీవులు దగ్గర లేకపోవడంతో, లీడ్‌ను, అంటే ఫ్యూజ్ చివర తీగను, ప్లయర్‌తో పట్టుకుని టంకం పెట్టాను. పది నిమిషాలు నడిపి చూసి, బాగానే ఉందని తిరిగి ఇచ్చాను.

తెచ్చి ఇచ్చినప్పుడు ఆవిడ ఒక మాట అన్నారు: “పోయిన చలికాలం ఇది మాటిమాటికీ టక్కుమని ఆగేదండీ. మళ్ళీ కాసేపటికి తనే వచ్చేది. ఈ ఏడు ఆ బాధ లేదు, దానంతట అదే బాగయింది.” అది గది థర్మోస్టాట్ చప్పుడే అయి ఉంటుందని అనుకున్నాను. నిరుడు నాబ్ తక్కువలో పెట్టుకుని ఉంటారు, ఈ ఏడు ఎక్కువలో పెట్టుకుని ఉంటారు అని మనసులో సర్దిచెప్పుకుని ఆ మాటను వదిలేశాను. ఈ కేసు మొత్తానికీ తాళంచెవి లాంటి సమాచారం మొదటి రోజే నా చేతికి వచ్చింది, నేను దాన్ని జాబ్ కార్డులో రాసుకోను కూడా లేదు.

రెండోసారి

మూడో రాత్రి హీటర్ మళ్ళీ ఆగింది. తెరిచి చూస్తే కొత్త ఫ్యూజ్ తెగింది. టంకం ఫ్యూజ్ ఒంటికి నాలుగు మిల్లీమీటర్ల దూరం వరకు పారి ఉంది. ఇది నా తప్పే. సీసం కలిసిన 60–40 టంకం 183 డిగ్రీల దగ్గర కరగడం మొదలై 190 దగ్గర పూర్తిగా కరుగుతుంది, సీసం లేని మామూలు రకాలకు 217 డిగ్రీలు దాటాలి, టంకం పెట్టే ఐరన్ కొన దగ్గర 350 వరకూ ఉంటుంది. లీడ్ రాగిది కాబట్టి ఆ వేడి క్షణాల్లో లోపలి గుళికకు చేరుతుంది. 142 డిగ్రీలకు కరిగే గుళిక అప్పటికప్పుడు తెగకపోయినా, అంచు కరిగి కుదించుకుపోయి, కాంటాక్టును అరకొరగా పట్టి ఉంచే స్థితిలో మిగలవచ్చు. మీటర్ బీప్ ఇస్తుంది, పది నిమిషాల పరీక్ష దాటుతుంది, ఆ తర్వాత మామూలు వేడికే తెగుతుంది. ప్లయర్ పట్టుకోవడం కొంత మేలే అయినా, అతుకు సరిగా కూర్చోలేదని నేను రెండుసార్లు ఐరన్ తాకించడంతో ఆ మేలు కాస్తా పోయింది.

ఈసారి క్రింప్ స్లీవులు తెప్పించాను. లీడ్‌ను వంచేటప్పుడు ఒంటి నుంచి కనీసం మూడు మిల్లీమీటర్లు వదిలి, వంపుకీ ఒంటికీ మధ్య ప్లయర్‌తో పట్టుకున్నాను. లేకపోతే ఒక చివర ఉన్న ఎపాక్సీ మూత చిట్లుతుంది. స్లీవ్ బిగించాక తీగను లాగి చూశాను. ఈ రకం ఫ్యూజ్‌కు బయటి లోహపు గొట్టం కూడా ఒక లీడ్‌తో కలిసే ఉంటుంది, అంటే కరెంటు ఉన్నప్పుడు ఆ గొట్టం ముట్టుకోకూడనిది. అందుకని పాత తొడుగును తిరిగి వాడకుండా సిలికాన్ పూసిన ఫైబర్‌గ్లాస్ తొడుగు కొత్తది వేశాను. ఫ్యూజ్ పాతది ఎక్కడ, ఏ దూరంలో ఉందో సరిగ్గా అక్కడే అమర్చాను.

పని శుభ్రంగానే జరిగింది. కానీ ఆలోచనలో మొదటిసారి చేసిన పొరపాటే మళ్ళీ చేశాను. టంకం అనే నిజమైన తప్పు దొరికేసరికి, మొట్టమొదటి ఫ్యూజ్ ఎందుకు తెగిందన్న ప్రశ్నను మళ్ళీ తెరవలేదు. ఆ మొదటి ఫ్యూజ్ కర్మాగారంలో క్రింప్ చేసినది, దానికి ఏ ఐరనూ తగలలేదు.

పందొమ్మిదో రోజున హీటర్ మళ్ళీ ఆగింది.

పెద్ద ఫ్యూజ్ వేయమన్న సలహా

ఈ వృత్తిలోనే ఉన్న ఒక మిత్రుడికి విషయం చెబితే, 142 బదులు 184 డిగ్రీల ఫ్యూజ్ వేయమని, అదీ నిలవకపోతే ఫ్యూజ్ తీసేసి డైరెక్ట్ చేసేయమని, బైమెటల్ ఎలాగూ ఉంది కదా అని అన్నారు. మరమ్మతు మాటిమాటికీ తిరిగి వస్తున్నప్పుడు ఈ సలహాకు ఎంత ఆకర్షణ ఉంటుందో నాకు తెలుసు. వాడేవారికి కావలసింది హీటర్ ఆగకుండా నడవడం, పెద్ద ఫ్యూజ్ ఆ కోరికను అదే రోజు తీరుస్తుంది.

నేను ఒప్పుకోకపోవడానికి కారణం ఇది. టీఎఫ్‌ను నిర్ణయించినవారు ఫ్యూజ్ ఎంత వేడి ఓర్చుకుంటుందని చూసి నిర్ణయించరు, చుట్టూ ఉన్న వస్తువులు ఎంత ఓర్చుకుంటాయో చూసి నిర్ణయిస్తారు. సాధారణ పీవీసీ తీగ తొడుగు 70 డిగ్రీలకు, వేడిని తట్టుకునే రకం 105 డిగ్రీలకు ఉద్దేశించినవి. పాలీప్రొపిలీన్ 160 డిగ్రీలు దాటాక కరుగుతుంది. ఫ్యూజ్ ఉన్న ఒక్క బిందువు దగ్గర 142 వస్తే మిగతాచోట్ల ఎంత వస్తుందన్నది తయారీదారు పరీక్షించి ఉంటారు. 184 వస్తే ఎంత వస్తుందో పరీక్షించినవారెవరూ లేరు. మనిషి నిద్రపోతున్న గదిలో ఆ పరీక్ష మొదటిసారిగా జరగడానికి నేను కారణం కాకూడదు.

అయినా ఆ సలహా నాకొక మేలు చేసింది. “బైమెటల్ ఎలాగూ ఉంది కదా” అన్న మాట దగ్గర నేను ఆగాను. నిజమే, బైమెటల్ ఉంది. 85 డిగ్రీలకు అది కాయిల్‌ను ఆపాలి. అది ఆపితే ఫ్యూజ్ దాకా వేడి వెళ్ళనే వెళ్ళదు. మరి ఫ్యూజ్ ఎలా తెగింది? దుమ్ము, వేడి ఎందుకు పెరిగిందో చెబుతుంది. టంకం, రెండో ఫ్యూజ్ ఎందుకు త్వరగా పోయిందో చెబుతుంది. మొదటి కాపలా నిద్రపోతేనే రెండో కాపలా దాకా వ్యవహారం వస్తుందన్న సంగతికి మాత్రం ఆ రెండింటిలో ఏదీ జవాబు కాదు. మూడు వారాలుగా నా దగ్గర సగం వివరణే ఉందని అప్పుడు అర్థమైంది.

అడిగిన ప్రశ్న, తీసిన కొలతలు

మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళి, మొదటి రోజు విని వదిలేసిన మాట దగ్గరే మొదలుపెట్టాను. “పోయిన ఏడాది టక్కుమని ఆగినప్పుడు ఫ్యాన్ కూడా ఆగేదా అమ్మా, తిరుగుతూనే ఉండేదా?” అని అడిగాను. ఆవిడ కొంచెం ఆలోచించి, “గాలి వస్తూనే ఉండేదండీ. చల్లగాలి వచ్చేది, అందుకే విసుగొచ్చేది” అన్నారు.

గది థర్మోస్టాట్ ఆపి ఉంటే ఫ్యాన్ కూడా ఆగాలి. చల్లగాలి వచ్చిందంటే ఆపింది బైమెటలే. అంటే నిరుటి చలికాలమంతా ఈ హీటర్ లోపల వేడి హద్దు దాటుతూ, బైమెటల్ దాన్ని ఆపుతూ, కలుపుతూ గడిపింది. 2000 వాట్ల దగ్గర ఆ కాంటాక్టుల మీదుగా 8.7 ఆంపియర్లు పోతాయి, విడిపోయిన ప్రతిసారీ చిన్న నిప్పురవ్వ పుడుతుంది. అప్పుడప్పుడు పనిచేయడానికి పెట్టిన రక్షణ భాగం రోజుకు ఎన్నో పదులసార్లు పనిచేయవలసి వచ్చింది. ఈ ఏడు ఆ చప్పుడు ఆగిపోయిందంటే రోగం నయమైందని కాదు, కాంటాక్టులు అతుక్కుపోయి ఉండాలి.

బైమెటల్‌ను విప్పి, దాని ఒంటికి ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ తీగ కట్టి, హాట్ ఎయిర్ గన్‌తో మెల్లగా వేడి చేశాను. 86 డిగ్రీల దగ్గర లోపలి బిళ్ళ టక్కుమంది. మీటర్ బీప్ మాత్రం ఆగలేదు. 110 వరకు తీసుకెళ్ళినా ఆగలేదు. మొదటి రోజు దీని మీద బీప్ విని బాగుందని రాసుకున్నాను. చల్లగా ఉన్నప్పుడు కలిసి ఉండటం దాని సహజ స్థితి, కాబట్టి ఆ బీప్ నాకు చెప్పింది ఏమీ లేదు. వేడిలో విడిపోవలసిన భాగాన్ని వేడిలోనే పరీక్షించాలి.

ఇంకా ఒక ప్రశ్న మిగిలింది: జాలీ శుభ్రం చేశాక కూడా వేడి ఎందుకు పెరిగింది? దీనికి నడిపి చూడటం తప్ప మార్గం లేదు. బైమెటల్ ఉన్న చోట ఒకటి, ఫ్యూజ్ ఉన్న చోట ఒకటి, ఫైబర్‌గ్లాస్ తొడుగున్న కె రకం థర్మోకపుల్స్ రెండు కరెంటు ఇవ్వకముందే కట్టాను. ఫ్యూజ్ గొట్టానికి, థర్మోకపుల్ కొనకు మధ్య పాలీఇమైడ్ టేపు చుట్టాను, బ్యాటరీతో నడిచే మీటర్ వాడాను, నడుస్తున్నంతసేపూ దాన్ని ముట్టుకోలేదు. హీటర్‌ను లీకేజీకి ట్రిప్ అయ్యే బ్రేకర్ ద్వారా నడిపాను. ఫ్యాన్ రెక్క మీద మెరిసే టేపు ముక్క అంటించి ఆప్టికల్ టాకోమీటర్‌తో వేగం చూశాను. ఫ్యూజ్ దగ్గర 125 డిగ్రీలు దాటితే ఆపేయాలని ముందే నిర్ణయించుకుని, పక్కన ఎవరూ లేకుండా, నేను కదలకుండా కూర్చున్నాను.

పది నిమిషాలకు ఫ్యాన్ వేగం నిమిషానికి 2400, బైమెటల్ దగ్గర 57 డిగ్రీలు, ఫ్యూజ్ దగ్గర 84. అంతా సవ్యం, నా మొదటి పరీక్ష ఇక్కడే ముగిసింది. ఇరవై నిమిషాల తర్వాత వేగం తగ్గడం మొదలైంది. 35 నిమిషాలకు 1500కు దిగింది, బైమెటల్ దగ్గర 97, ఫ్యూజ్ దగ్గర 121. 38వ నిమిషంలో 126 చూసి ఆపేశాను. చల్లబడ్డాక వేలితో తిప్పితే ఫ్యాన్ ఎప్పటిలాగే సాఫీగా తిరిగింది. వేడిగా ఉండగానే తిప్పి ఉంటే చేతికి తెలిసేది. మోటారు బుష్‌లో, అంటే షాఫ్ట్ తిరిగే చిన్న గొట్టంలో, నూనె ఎండిపోయి, వేడెక్కేకొద్దీ షాఫ్ట్ బిగుసుకుంటోంది. 126 డిగ్రీలు ఇంకా టీఎఫ్ కాదు, కానీ టీహెచ్‌ను దాటి పన్నెండు డిగ్రీలు. రాత్రికి ఏడెనిమిది గంటలు ఆ వేడిలో ఉంటే ఫ్యూజ్ పందొమ్మిది రోజులు ఆగడమే గొప్ప.

నిలిచిన మరమ్మతు

బుష్‌కు నూనె పోసి చూడాలా, మోటారు మార్చాలా అని ఆలోచించాను. రంధ్రాలున్న కంచు బుష్‌కు నూనె పీల్చుకునే గుణం ఉంటుంది కాబట్టి నూనె వేస్తే కొన్నాళ్ళు తిరుగుతుంది. కానీ షాఫ్ట్ విప్పి చూస్తే గీతలు పడి, గోరుకు తగులుతున్నాయి. ఆ కొన్నాళ్ళు ఎప్పుడు అయిపోతాయో చెప్పగలిగే సూచిక హీటర్ బయట ఏదీ ఉండదు, అది ఆగేది రాత్రిపూట. అందుకని మోటారే మార్చాను. బైమెటల్‌ను అదే 85 డిగ్రీల రకంతో, తనంతట తాను కలిసే పద్ధతిదే వేశాను.

ఫ్యూజ్ విషయంలో ఒక చిన్న ఊగిసలాట ఉంది. అదే టీఎఫ్‌తో 15 ఆంపియర్ల రకం దొరుకుతుంది. 8.7 ఆంపియర్ల కరెంటుకు అది తక్కువ స్వీయ వేడి పుట్టిస్తుంది, రక్షణ ఉష్ణోగ్రత మారదు, కాబట్టి అది తప్పు కాదు. అయినా 10 ఆంపియర్లదే వేశాను. లోపం ఫ్యూజ్‌లో లేదని కొలతలు చూపాయి. లోపం లేని చోట మార్పు చేస్తే, రేపు ఏదైనా తేడా వచ్చినప్పుడు కారణం వెతకడం ఇంకో మెట్టు కష్టమవుతుంది. క్రింప్ చేశాక, పూర్తి లోడు మీద ఫ్యూజ్‌కూ రెండు అతుకులకూ కలిపి వోల్టేజీ తగ్గుదల కొలిస్తే 26 మిల్లీవోల్టులు వచ్చింది. మొత్తం నిరోధం మూడు మిల్లీఓములన్నమాట. అతుకు వదులుగా ఉంటే అది కూడా వేడెక్కి, ఆ వేడి లీడ్ గుండా ఫ్యూజ్‌కే చేరుతుంది, కనుక ఈ కొలత అవసరం.

పరీక్ష ఈసారి రెండు గంటలు. ఫ్యాన్ వేగం 2400కు యాభైకి మించి తగ్గలేదు, ఫ్యూజ్ దగ్గర 86 డిగ్రీల దగ్గర నిలిచింది. తర్వాత గాలి పీల్చే జాలీని ఒక రేకుతో సగం మూశాను. 83 డిగ్రీల దగ్గర బైమెటల్ టక్కుమని, కాయిల్ ఆగి, చల్లగాలి వచ్చింది. అప్పటికి ఫ్యూజ్ దగ్గర 107. అలా ఐదుసార్లు చేశాను, ఐదుసార్లూ విడిపోయింది, ఫ్యూజ్ ఒక్కసారి కూడా టీహెచ్‌ను తాకలేదు. మొదటి కాపలా మేలుకుంటే రెండోదానికి ఎంత విశ్రాంతి దొరుకుతుందో ఆ అంకెల్లో చూశాను.

హీటర్ తిరిగి ఇస్తూ ఆవిడకు ఒకటే చెప్పాను. ఫ్యాన్ తిరుగుతూ చల్లగాలి వస్తే దాన్ని ఆపేసి నాకు కబురు చేయాలి, అది తనంతట తానే బాగయినా సరే చేయాలి. జాబ్ కార్డు నమూనాలో కూడా ఒక వరుస చేర్చాను: వేడి ఆగినప్పుడు ఫ్యాన్ తిరిగిందా, ఆగిందా, ఈ మధ్య ఏ పాత ఇబ్బందైనా దానంతట అదే పోయిందా.

ఆ తర్వాత

ఒక చలికాలం గడిచాక నేనే అడిగి హీటర్‌ను తెప్పించుకున్నాను. “చప్పుడేమీ లేదండీ, చక్కగా నడుస్తోంది” అన్నారు. సంతోషమే, కానీ చప్పుడు లేకపోవడం ఈ హీటర్ విషయంలో రెండు విధాలుగానూ అర్థమవుతుందని నాకు తెలుసు. జాలీ శుభ్రం చేసి, అరగంట నడిపి వేగం చూశాక, బైమెటల్‌ను మళ్ళీ విప్పి థర్మోకపుల్ కట్టి వేడి చేశాను. 84 డిగ్రీల దగ్గర బిళ్ళ టక్కుమంది, ఆ వెంటనే మీటర్ బీప్ ఆగింది.